హైదరాబాద్ నుంచి శ్రీశైలం: ఇద్దరు దోస్తులు, రెండు బండ్లు, ఒకే రోజు

పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే బైక్ ప్రయాణంలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది వెనక్కి తిరిగే టైమ్. బయల్దేరే టైమ్ దాన్నిబట్టే వస్తుంది. శ్రీశైలం దారికి ఈ లెక్క మరీ ముఖ్యం. నగరం నుంచి ఎన్‌హెచ్ 765 మీద తుక్కుగూడ, కడ్తాల్, ఆమన్‌గల్, కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరు దాకా దాదాపు 140 కిలోమీటర్లు. అక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు ఉంటుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. గేటు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. వటువర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట దాటి, ఘాట్ దిగి, కృష్ణను దాటి, మళ్లీ ఎక్కితే సున్నిపెంట, శ్రీశైలం. ఈ ముక్క ఇంకో 75 కిలోమీటర్లు. మొత్తం రానుపోను 430 అనుకోండి.

డిసెంబర్‌లో వెళ్తున్నారనుకుందాం. సాయంత్రం 5:45కల్లా పొద్దు గుంకుతుంది. అడవి దారిని పూర్తిగా వెలుతురులోనే దాటాలి, కాబట్టి సాయంత్రం 4:30కి మన్ననూరు గేటు బయట ఉండాలి. అడవిలో సగటున గంటకి 35 కిలోమీటర్లకి మించి లెక్క వేయొద్దు. ఆగడాలతో కలిపి రెండున్నర గంటలు పడుతుంది. అంటే శ్రీశైలంలో మధ్యాహ్నం 2 గంటలకు బండి స్టార్ట్ చేయాలి. అక్కడ రెండున్నర గంటలైనా గడపాలంటే 11:30కి చేరాలి. మన్ననూరు దాకా గంటకి 50 చొప్పున దాదాపు మూడు గంటలు, టిఫిన్‌కి అరగంట, అడవికి రెండున్నర. వెరసి ఉదయం 5:30కి కదలాలి. కడ్తాల్ చేరేసరికి తెల్లవారుతుంది. ఎక్కడైనా పంక్చరయ్యో, పొగమంచు వల్లో ఆలస్యమైతే తిరుగు టైమ్ జరపకండి, గమ్యాన్ని దగ్గరికి జరపండి. ఉదయం 11 దాటినా ఇంకా మన్ననూరు రాకపోతే శ్రీశైలం వదిలేసి, అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం కొండ చూసి తిరిగి రావడం మేలు. అదేమీ తక్కువ చోటు కాదు.

సోమవారాలు, కార్తీకమాసం, శివరాత్రి రోజుల్లో ఈ లెక్క పనిచేయదు. దర్శనం క్యూలోనే పూట గడిచిపోతుంది. వరద వచ్చి డ్యామ్ గేట్లు ఎత్తిన ఆదివారాలు అంతకంటే కష్టం. ఘాట్ మీద కార్లు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోతాయి, వాటి సందుల్లోంచి దూరిపోదామనుకునే బండ్లే ఎదురుగా వచ్చే బస్సుకు దొరికిపోతాయి. మామూలు వారం రోజు సెలవు పెట్టుకుని వెళ్లడమే ఉత్తమం.

బండి పని వారం ముందే

సర్వీసింగ్ ముందురోజు సాయంత్రం చేయించడం చాలామంది చేసే తప్పు. కొత్త టైరు పైపొర మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు జారుతుంది. కొత్త బ్రేక్ ప్యాడ్లు డిస్క్‌కి సర్దుకోవడానికి కొన్నాళ్ల సిటీ తిరుగుడు కావాలి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు సరిగ్గా బిగించకపోతే ఆ చుక్కలు రెండోరోజు పార్కింగ్‌లో కనిపిస్తాయి. ఇవన్నీ ఇంటి దగ్గర బయటపడాలి, డిండి దగ్గర కాదు.

టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత కొట్టాలో చైన్ కవర్ మీదో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో అంటించిన స్టిక్కర్ చెబుతుంది. చాలా 150 సీసీ బండ్లకు ముందు 25, వెనక 28, వెనక మనిషి ఉంటే 32 పీఎస్‌ఐ. మీ స్టిక్కర్ మీద ఏముంటే అదే పాటించండి. గంట నడిపాక చూస్తే రెండు నుంచి నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. అది వేడి వల్ల వచ్చిన పెరుగుదల, గాలి తీసేయకండి. తక్కువ గాలితో నడిపితే టైరు పక్కగోడలు నలిగి వేడెక్కుతాయి. ఎక్కువ కొడితే రోడ్డును పట్టే భాగం తగ్గి ఘాట్ మలుపుల్లో బండి జారుతుంది. బంకుల్లో మీటర్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి కాబట్టి పెన్ను సైజు గేజ్ ఒకటి ఇద్దరి మధ్యా ఉంచుకోండి. టైరు గాడుల మధ్యలో చిన్న దిమ్మెలుంటాయి, అవే అరుగుదల గుర్తులు. టైరు ఆ ఎత్తుకు అరిగి ఉంటే ఈ ప్రయాణానికి పనికిరాదు.

చైన్ కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించి చూడండి. చాలా కమ్యూటర్ బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం మెల్లగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే అరిగిన చైన్ ఒకచోట బిగుసుకుని మరోచోట వేలాడుతుంది. బిగుతుగా ఉన్న చోటునే కొలతగా తీసుకోండి. అతిగా బిగిస్తే గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) బేరింగ్ మీద పడుతుంది. వదులైతే గేరు మార్చేటప్పుడు పళ్ల మీంచి ఎగురుతుంది. బిగించాక యాక్సిల్ రెండువైపులా గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూడటం మరిచిపోవద్దు.

మిగతావి త్వరగా అయిపోయేవే. ముందు బ్రేక్ లివర్ నొక్కినా, వెనక పెడల్ తొక్కినా స్టాప్ లైట్ వెలగాలి. హెడ్‌లైట్ లోబీమ్ ఎదుటివాడి కళ్లలో పడకూడదు. క్లచ్ కేబుల్ చివర పోగులు విడిపోతుంటే వెంటనే మార్చేయండి.

పంక్చర్‌కి సిద్ధం

రెండు బండ్లకూ కలిపి ఒకే సామాను సంచి చాలు, అది ఎప్పుడూ వెనక వచ్చే బండి మీదే ఉండాలి. ముందున్నవాడి బండి పాడైతే వెనకున్నవాడు ఎలాగూ వచ్చి చేరతాడు. సంచి ముందు బండి మీద ఉండి వెనక బండి ఆగిపోతే, సిగ్నల్ లేని అడవిలో ముందువాడికి తెలిసేసరికి పది కిలోమీటర్లు దాటేస్తాడు.

సంచిలో ఫుట్ పంపు, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, కనీసం అయిదు స్ట్రిప్పులు (రంధ్రంలో దూర్చే రబ్బరు ముక్కలు), కటింగ్ ప్లేయర్, ప్లగ్ స్పానర్, మీ బండ్ల బోల్టులకు సరిపడే స్పానర్లు, రెండు ఫ్యూజులు, ఒక చైన్ లాక్ (తెగిన చైన్‌ను కలిపే లింకు), క్లచ్ కేబుల్, ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు, తలకు పెట్టుకునే టార్చి ఉండాలి. స్పోక్ చక్రాల బండి ఉంటే సంగతి వేరు. అందులో చాలావరకు ట్యూబ్ ఉంటుంది, కాబట్టి కొత్త ట్యూబ్, టైర్ లివర్లు, యాక్సిల్ నట్టు స్పానర్ అదనంగా కావాలి. రోడ్డు పక్కన వెనక చక్రం విప్పడం ఒక్కసారైనా ఇంటి దగ్గర చేసి చూడకపోతే, ఆ సామాను మోసి లాభం లేదు.

ట్యూబ్‌లెస్‌కి పద్ధతి ఇది. మేకు దొరికిన చోట సుద్దతో గుర్తు పెట్టి, అది ఏ వాలులో దిగిందో చూసుకుంటూ ప్లేయర్‌తో లాగండి. రీమర్‌ని (కిట్‌లోని గరుకు కడ్డీ) అదే వాలులో దించి అయిదారుసార్లు పైకీ కిందికీ తిప్పండి. రంధ్రం గరుకై, లోపలి తీగల అంచులు సాఫీ అయితేనే స్ట్రిప్ తెగకుండా పట్టుకుంటుంది. చాలామంది చేయి నొప్పిగా ఉందని ఈ పనిని సగంలో ఆపుతారు, స్ట్రిప్ లోపలికి పోకపోవడానికి అదే కారణం. స్ట్రిప్‌ని సూది కన్నంలో సగానికి దూర్చి, సొల్యూషన్ రాసి, రెండు కొసలూ దాదాపు ఒక సెంటీమీటర్ బయట ఉండేదాకా నెట్టి, సూదిని తిప్పకుండా ఒక్క ఊపులో లాగాలి. గాలి కొట్టి ఉమ్మి రాస్తే బుడగలు రాకూడదు. బయటి కొసలను టైరు అంచుకు పూర్తిగా సమానంగా కోయకండి, రెండు మూడు మిల్లీమీటర్లు వదలండి. పక్కగోడ మీద పడ్డ రంధ్రానికి స్ట్రిప్ వేసి ప్రయాణం సాగించొద్దు.

నగరం దాటేదాకా

ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారి మీదా, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదా టూవీలర్లకు అనుమతి లేదు. మ్యాప్‌లో టూవీలర్ మోడ్ పెట్టకపోతే అది మిమ్మల్ని నేరుగా వాటిమీదికే తీసుకెళ్తుంది. చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ మీదుగా తుక్కుగూడ చేరడం సులువు. ఇద్దరూ నగరంలో కలిసి నడపాలని చూడకండి. సిగ్నళ్ల దగ్గర విడిపోయి, ఒకరినొకరు పట్టుకునే కంగారులో మొదటి గంటలోనే అలసిపోతారు. తుక్కుగూడ దాటాక ఒక పెట్రోల్ బంకును కలిసే చోటుగా పెట్టుకుని, అక్కడే ఇద్దరూ ట్యాంకులు నింపండి.

పెట్రోల్ లెక్క ఎప్పుడూ చిన్న ట్యాంకు బండిదే. 13 లీటర్లు, 35 మైలేజీ అంటే కాగితం మీద 455 కిలోమీటర్లు వస్తుంది, కానీ ఘాట్‌లో రెండో గేరు ఎక్కుడుకి ఆ మైలేజీ రాదు. కల్వకుర్తిలో మళ్లీ నింపి అడవిలోకి వెళ్లండి. మన్ననూరు దాటాక బంకు మీద ఆశ పెట్టుకోవద్దు. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఫోన్ పేమెంట్ కూడా కాదు. ఒక్కొక్కరి దగ్గర వెయ్యి రూపాయలు చిన్న నోట్లలో ఉండాలి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

ఇద్దరూ కలిసి నడపడం

నెమ్మదిగా నడిపేవాడు ముందుండాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం గొడవలు, సగం ప్రమాదాలు తప్పుతాయి. 350 సీసీ బండి ముందు పరుగెడుతుంటే వెనక 110 సీసీ దోస్తు దాన్ని అందుకోవడానికి తన శక్తికి మించి మలుపులు తీసుకుంటాడు. పడేది అక్కడే. తిన్నటి రోడ్డు మీద ముందువాడు లేన్‌లో కుడివైపు, వెనకవాడు ఎడమవైపు ఉండాలి. ముందువాడు దాటిన కరెంటు స్తంభాన్ని వెనకవాడు కనీసం రెండు సెకన్లకు దాటాలి. గంటకి 60 వేగంలో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం, కాబట్టి రెండు సెకన్లంటే 34 మీటర్లు. ఘాట్‌లో ఈ కుడి ఎడమలు వదిలేసి, ఒకరి వెనక ఒకరు నాలుగు సెకన్ల దూరంలో రావాలి.

లారీని దాటేటప్పుడు ఎవరి నిర్ణయం వాళ్లదే. ముందువాడు దాటాడు కదా అని వెనకే దూరకూడదు. దాటినవాడు కొంచెం ముందుకెళ్లి తన లేన్‌లోకి వచ్చి వేగం తగ్గించాలి, వెనకవాడికి చోటు మిగలాలి. మలుపు తిరిగే ప్రతి కూడలి దగ్గర దోస్తు అద్దంలో కనిపించేదాకా ఆగండి. అయిదు నిమిషాలకీ రాకపోతే వెనక్కి వెళ్లండి. బయల్దేరేముందే ఈ మాట అనుకుంటే, వెనకున్నవాడు నిశ్చింతగా తన వేగంలో వస్తాడు.

ఒకే బండి మీద ఇద్దరైతే వెనకాయనకీ పూర్తి హెల్మెట్ ఉండాలి, గంటకోసారి ఒకరి తర్వాత ఒకరు నడపాలి. వెనక షాక్ అబ్జార్బర్ బిగుతు ఒక మెట్టు పెంచండి.

దారిలో ఏం ఎదురవుతుంది

కల్వకుర్తి వైపు ఊళ్ల దగ్గర రంగు లేని స్పీడ్ బ్రేకర్లుంటాయి. ఇళ్లు మొదలవగానే 40కి దిగండి. కోతల కాలంలో రోడ్డు మీద సగం దాకా వడ్లు, మక్కలు ఆరబోస్తారు, వాటి అంచున రాళ్లు పేరుస్తారు. గింజల మీదికెక్కితే చక్రం గోళీల మీదికెక్కినట్టే, బ్రేక్ అసలు వేయకూడదు. సాయంత్రం ఆ రాళ్లు కనిపించవు, పత్తి ట్రాక్టర్ల వెనక దీపాలూ ఉండవు. చీకటి పడకముందే కల్వకుర్తి చేరాలనడానికి ఇదీ ఒక కారణం.

అడవిలో వేగం బోర్డు మీద ఉన్నంతే. హారన్ గుడ్డి మలుపులకే. కోతులకు ఏమీ పెట్టకండి. తిండి ఆశతోనే అవి రోడ్డు మధ్యలో కూర్చుని చక్రాల కింద పడుతున్నాయి. ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా అక్కడ వదలొద్దు.

ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగుడులో న్యూట్రల్‌లో దొర్లించడం ప్రాణం మీదికి తెస్తుంది. రెండో, మూడో గేరులో దిగుతూ ఇంజన్‌నే బ్రేక్‌గా వాడండి. పెడల్ మీద కాలు పెట్టే దిగితే ప్యాడ్లు, డ్రమ్ముల లైనర్లు వేడెక్కి పట్టు పోతుంది. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి పావుగంట చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి. వేగం మలుపుకి ముందే తగ్గించి, చూపు మలుపు చివర మీద పెట్టి, లేన్ మధ్యలోనే తిరగాలి. ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సుకు ఆ మలుపులో మీ వైపు కూడా కొంత కావాలి.

తిండి తేలికగా ఉంచండి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం. బిర్యానీ తిని 2 గంటల ఎండలో ఎక్కితే మన్ననూరు చేరేలోపే కళ్లు మూతలు పడతాయి. దాహం వేయకపోయినా ఆగిన ప్రతిచోటా గ్లాసు నీళ్లు తాగండి, గంటకోసారి దిగి నడుం వంచండి. ఆవలింతలు మొదలైతే చాయ్‌తో సరిపెట్టుకోకుండా చెట్టు కింద ఇరవై నిమిషాలు పడుకోండి.

ఎవరైనా పడితే, మొదట బండ్లను కాదు, వెనక వచ్చే వాహనాలను చూడండి. ఇండికేటర్లు వేసి మలుపుకి ముందే ఒకరు నిలబడి చేయి ఊపాలి. స్పృహ లేనివాడిని లేపి కూర్చోబెట్టకండి, ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి. సిగ్నల్ ఉంటే 108 లేదా 112. లేకపోతే దోస్తు పక్కనుంచి కదలకుండా, వెళ్లే బస్సు డ్రైవర్‌ను ఆపి మన్ననూరు చెక్‌పోస్టులోనో, ఈగలపెంటలోనో చెప్పమనండి.

ఇల్లు చేరగానే ఒకరికొకరు ఫోన్ చేసుకోండి. ఆ తర్వాత పది నిమిషాలు బండి దగ్గర గడపండి. చైన్ ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడు ల్యూబ్ లింకుల్లోకి బాగా దిగుతుంది. ఇంజన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ లోపలి వరస మీద కొట్టి, పావుగంట ఆగి పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. తెల్లారాక టైర్లలో ముళ్లు, మేకులు వెతకండి. గాలి మళ్లీ చల్లగా ఉన్నప్పుడే కొలవండి. ముందురోజు కంటే రెండు పీఎస్‌ఐ తగ్గి ఉంటే ఎక్కడో సన్నటి మేకు దిగి ఉండొచ్చు.