విండోస్ స్క్రిప్టు లినక్స్‌లో మొరాయిస్తే: లైను చివర దాక్కున్న సీఆర్

సమస్య: విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్టును (కమాండ్లు వరసగా రాసిన ఫైలును) లినక్స్ సర్వర్‌లో రన్ చేస్తే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్’ అంటుంది. ఫైలు తెరిస్తే తప్పేమీ కనబడదు. ఎర్రర్‌లో బ్యాష్ (స్క్రిప్టును నడిపే ప్రోగ్రాం) పేరు చివర టోపీ గుర్తు (^), పక్కనే ఎమ్ ఉంటే దొంగ దొరికినట్టే.

కారణం: విండోస్ ప్రతి లైను చివరా రెండు బైట్లు పెడుతుంది: 13, 10. మొదటిది సీఆర్ (క్యారేజ్ రిటర్న్), రెండోది ఎల్ఎఫ్ (లైన్ ఫీడ్). ఆ టోపీ, ఎమ్ జంట 13ను తెరమీద చూపే తీరే. లినక్స్, ఇప్పటి మ్యాక్ 10 ఒక్కటే పెడతాయి. పాత మ్యాక్ ఓఎస్ 9 దాకా 13 ఒక్కటే ఉండేది. స్క్రిప్టు మొదటి లైన్లో బ్యాష్ పేరు ఉంటుంది, లినక్స్ ఆ 13ను ఆ పేరులో చివరి అక్షరం అనుకుంటుంది. ఆ పేరుతో ప్రోగ్రాం ఎక్కడుంటుంది?

ఎర్రర్ ఇంత సూటిగా వస్తే అదృష్టమే. ఇదే 13 సెట్టింగుల ఫైల్లో దూరితే, డేటాబేస్ పేరు సరిగ్గానే ఉన్నా ‘దొరకలేదు’ అని వస్తుంది. పైగా ఆ మెసేజీలో చివరి ముక్క వచ్చి మొదటి అక్షరాల మీద పడుతుంది. 13 కనబడగానే టెర్మినల్ కర్సర్‌ను లైను మొదటికి లాగుతుంది, అందుకే ఈ గందరగోళం.

నిర్ధారణ: లినక్స్‌లో క్యాట్ కమాండుకు పెద్ద ‘ఎ’ ఆప్షన్ ఇచ్చి ఫైలు చూడండి. మామూలు లైను చివర డాలర్ గుర్తు ఒక్కటే ఉంటుంది. విండోస్ లైనైతే డాలర్‌కు ముందు టోపీ, ఎమ్ కూడా ఉంటాయి. మ్యాక్‌లో పెద్ద ‘ఎ’ పనిచేయదు, చిన్న ‘ఇ’ వాడాలి.

పరిష్కారం: 13లను తీసేసే డాస్‌టుయునిక్స్ అనే టూల్ ఇన్‌స్టాల్ చేసి, దానికి ఫైలు పేరు ఇస్తే చాలు. వీఎస్ కోడ్ ఎడిటర్‌లోనైతే కింద కుడివైపు సీఆర్ఎల్ఎఫ్ అన్నచోట నొక్కి, ఎల్ఎఫ్ ఎంచుకుని, సేవ్ చేయాలి. సేవ్ మర్చిపోయి ‘మార్చినా పోలేదు’ అనేవాళ్లే ఎక్కువ.

మర్నాటికి మళ్లీ వస్తే అది గిట్ (కోడు మార్పులను భద్రపరిచే టూల్) పని. విండోస్‌లో దాని ఆటోసీఆర్ఎల్ఎఫ్ సెట్టింగు ట్రూ అని ఉంటే, ఫైళ్లు బయటికి తీసిన ప్రతిసారీ 13 చేరుస్తుంది. ఒక్కొక్కరి మెషీన్‌లో సెట్టింగు మార్చుకుంటూ పోవడం దండగ. ప్రాజెక్టులోనే గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, షెల్ స్క్రిప్టులకు ఎల్ఎఫ్ అని రాయండి. ఇప్పటికే సీఆర్‌తో కమిట్ అయినవాటికి (గిట్‌లో భద్రమైనవాటికి) గిట్ యాడ్‌ను రీనార్మలైజ్ ఆప్షన్‌తో నడిపి, కమిట్ చేయాలి.

తెలుగు ఫైళ్లతో జాగ్రత్త: అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, వాటిలో 10 గానీ 13 గానీ రావు, కాబట్టి భయం లేదు. యూటీఎఫ్-16లో మాత్రం ‘ఊ’కు రెండు బైట్లు, వాటిలో ఒకటి 10. ఎన్‌కోడింగ్ చూడకుండా ప్రతి 10 ముందూ 13 దూర్చే స్క్రిప్టుకు ‘ఊరు’ ఎదురైతే, అక్కడినుంచి బైట్ల జతలు ఒకటి పక్కకు జరిగి, తర్వాతి తెలుగంతా గజిబిజి అవుతుంది. ముందు యూటీఎఫ్-8లోకి మార్చి సేవ్ చేయండి, లైన్ల సంగతి ఆ తర్వాత చూడండి.