పెరట్లో బ్యాటరీ కారు, గోడ మీద మీటరు

మూడేళ్ల క్రితం సంక్రాంతికి మనవడు వస్తున్నాడని పట్నంలోని ఒక దుకాణంలో 6 వోల్టుల బ్యాటరీ కారు కొన్నాను. మా ఊరు కోనసీమలో సముద్రానికి దగ్గర, పెరడంతా ఇసుక నేల. వీధి వైపు గచ్చు మీద చక్కగా నడిచిన ఆ కారు పెరట్లోకి దిగగానే ముందుకు కదలక, చక్రాలు మాత్రం ఉన్నచోటనే తిరిగాయి. పండగ వెళ్లాక దాన్ని అటకెక్కించి వేసవి సెలవులకు దించితే బ్యాటరీ ఛార్జింగ్ తీసుకోలేదు. ఈ రెండు పొరపాట్లూ నావే, రెండూ కొనేముందు తెలుసుకుని ఉండవలసినవే. ఇంట్లోవాళ్లకు ఇంకొక బెంగ కూడా ఉండేది: ఈ కారు వల్ల కరెంటు బిల్లు పెరుగుతుందని. మీటరు దగ్గర నిలబడి లెక్క వేస్తే ఆ బెంగ నిజం కాదని తేలింది, బిల్లు అసలు ఎక్కడ పెరుగుతోందో కూడా కనబడింది. అందుకే ఈ రెండు విషయాలనూ కలిపి రాస్తున్నాను.

దుకాణానికి వెళ్లకముందు చూసుకోవలసింది మన నేలను. మన గోదావరి డెల్టాలో నేల ఊరూరికీ మారుతుంది. అంతర్వేది, అల్లవరం వంటి తీరపు ఊళ్లలో ఇసుక, గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామాల్లో మెత్తటి ఒండ్రు, పడమటి డెల్టాలోని చాలా ఊళ్లలో వాన పడితే చక్రానికి అంటుకుని వదలని జిగురు మట్టి ఉంటాయి. ఒకే మోటారుతో వెనక చక్రం ఒక్కదాన్నే తిప్పే చిన్న బండ్లు, నున్నటి ప్లాస్టిక్ చక్రాలున్న బండ్లు గచ్చుకూ సిమెంటు చప్టాకూ మాత్రమే పనికివస్తాయి. పెరట్లోనూ కొబ్బరి తోట అంచునా తిరగాలంటే వెనక రెండు చక్రాలకూ వేర్వేరు మోటార్లు, చక్రాల చుట్టూ రబ్బరు పట్టీ, కనీసం 12 వోల్టుల బ్యాటరీ ఉన్న బండిని చూసుకోవాలి. చక్రం ఇసుకలో కూరుకుపోయినప్పుడు మోటారు తిరగలేక మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగి వేడెక్కుతుంది. అటువంటప్పుడు దానంతట అదే ఆగి, చల్లబడ్డాక మళ్లీ కలిసే ఫ్యూజు ఉంటే బండి బతుకుతుంది, లేకపోతే గేరుపెట్టెలోని ప్లాస్టిక్ పళ్లు అరిగిపోవడమో మోటారు కాలిపోవడమో జరుగుతుంది. దుకాణంలో టైల్స్ మీద నడిపి చూపిస్తే ఏ బండి అయినా బాగానే నడుస్తుంది. బయట మట్టిలో, పిల్లవాణ్ని కూర్చోబెట్టి నడిపి చూడనివ్వమని మొహమాటం లేకుండా అడగండి.

నేల తర్వాత నీరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి గోదావరి నీరు పెద్ద కాలువలుగా, పిల్ల కాలువలుగా, బోదెలుగా చీలి మన గుమ్మాల దాకా వస్తోంది. మన పంటలకూ బతుకుకూ అదే ఆధారమైనా, బండి నడిపే మూడేళ్ల పిల్లవాడికి మాత్రం అదే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ఈ బండ్లు సాధారణంగా గంటకు 3 నుంచి 5 కిలోమీటర్ల వేగంతో వెళతాయి. వినడానికి అది పెద్దవాళ్ల నడకే, కానీ మనం పది సెకన్లు అటు తిరిగి ఎవరితోనైనా మాట్లాడితే ఆ లోపల బండి 8 నుంచి 14 మీటర్ల దూరం పోతుంది. చాలా ఇళ్లకు పెరటి గుమ్మం నుంచి రేవుకు అంత దూరం కూడా ఉండదు. కాబట్టి పెద్దవాళ్ల చేతిలో రిమోటు ఉండే బండినే కొనాలి. పిల్లవాడు పెడల్ నొక్కుతూ ఉన్నా రిమోటులో ఆపు మీట నొక్కగానే బండి ఆగాలి, పెడల్ మీది కాలు తీయగానే దానంతట అదే నిలవాలి. ఈ రెండూ దుకాణంలోనే పరీక్షించవచ్చు. కంచె లేని పెరట్లోనూ, కాలువ గట్టు మీదనూ, ఆటోలూ ట్రాక్టర్లూ తిరిగే సిమెంటు రోడ్డు మీదనూ ఏ బండినీ నడపనివ్వకూడదు. పరికిణీ కట్టుకున్న ఆడపిల్లలు ఎక్కేటప్పుడు కుచ్చెళ్లు చక్రంలో చుట్టుకోకుండా దోపాలి, నడుము బెల్టు తప్పకుండా పెట్టాలి.

వయసు విషయంలో స్థూలంగా మూడేళ్ల లోపు పిల్లలకు 6 వోల్టులు, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు 12 వోల్టులు, ఆపైన 24 వోల్టుల బండ్లు అమ్ముతున్నారు. పెట్టె మీది వయసుకంటే బరువు పరిమితినే నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే మన ఇళ్లలో బండి మీద ఒక్కరే కూర్చోరు, వెనక చెల్లెలో మేనత్త కొడుకో తప్పకుండా ఎక్కుతారు. ఇద్దరి బరువూ కలిపి చూసుకోవాలి. రెండేళ్లు నిండని బిడ్డకైతే తోసుకుంటూ తిరిగే బండి, మూడేళ్లకు తొక్కే మూడు చక్రాల సైకిలు మేలని నా అభిప్రాయం. కాళ్లకు బలం వస్తుంది, ఛార్జింగ్ అక్కరలేదు.

బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడడం మరిచిపోకండి. బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే బొమ్మలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15644. గుర్తు పక్కన సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు అంకె ఉంటుంది. ఆ గుర్తు ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ అంకె కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. వివరాలు సరిపోలకపోతే, రంగు ఎంత బాగున్నా కొనవద్దు.

ఇక బ్యాటరీ సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే బండి ఎన్నేళ్లు మన్నుతుందో దాదాపుగా తేల్చేది అదే. చాలా బండ్లలో మూసి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లు అనే కొలత ఉన్నది వస్తే వదలకండి. కంప్యూటర్ల చిన్న యూపీఎస్‌లలో వాడేది అదే కొలత కనుక రేపు మార్చవలసి వస్తే అమలాపురంలోనైనా పాలకొల్లులోనైనా బ్యాటరీల దుకాణంలో దొరుకుతుంది. ప్రత్యేక ఆకారపు బ్యాటరీ ఉన్న బండి కొంటే, అది పోయిన రోజే బండి మూలపడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఛార్జింగ్ లేకుండా పడి ఉండడం విషంతో సమానం. లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తిరిగి ఛార్జింగ్ పట్టే శక్తి పోతుంది. సంక్రాంతికి ఆడుకున్న బండిని వేసవి సెలవుల దాకా ముట్టుకోకపోతే జరిగేది అదే, మా కారుకు జరిగినదీ అదే. ఆడుకున్న మర్నాడు పొద్దున్నే ఛార్జింగ్ పెట్టాలి, పిల్లలు ఊరికి వెళ్లిపోయాక నెలకొకసారి పెడుతూ ఉండాలి. నేను ప్రతి అమావాస్యకూ పెడుతున్నాను, తేదీ గుర్తుపెట్టుకోనక్కరలేదు. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో బ్యాటరీ కొనల మీద పచ్చటి చిలుము పడుతుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిచి వాజెలీన్ పల్చగా రాస్తే చాలు. లిథియం బ్యాటరీ ఉన్న బండికి దానితో వచ్చిన ఛార్జర్ తప్ప మరొకటి పెట్టకూడదు.

పూర్తిగా ఛార్జింగ్ కావడానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. చవక ఛార్జర్లలో నిండగానే ఆగే ఏర్పాటు ఉండదు. రాత్రి పెట్టి నిద్రపోతే తెల్లవారే దాకా బ్యాటరీ ఉడుకుతూనే ఉంటుంది. పొద్దున్న పెట్టి, మెలకువగా ఉన్నవాళ్ల కంటి ముందు సాయంత్రానికి తీయడం మంచి పద్ధతి. గాలి ఆడే వసారాలో, గచ్చు మీద పెట్టాలి. కొబ్బరి మట్టలూ పీచూ డొక్కలూ పోగేసిన పాకలో మాత్రం ఎప్పటికీ పెట్టకూడదు, ఒక్క రవ్వ చాలు.

వాడిన బండి కొనడం తప్పు కాదు, పిల్లలు రెండేళ్లలో ఎదిగిపోతారు కనుక బంధువుల ఇంటి బండి తెచ్చుకోవడం నిజానికి మంచి పొదుపు. ఛార్జింగ్ పెట్టి తీసిన కొన్ని గంటల తర్వాత 12 వోల్టుల బ్యాటరీని వోల్టుమీటరుతో కొలిస్తే 12.6 వోల్టులకు పైన చూపాలి, 12 దగ్గరకు పడిపోతే బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. 2022 జూలై వరదలాంటి నీటిలో నానిన బండి అయితే సీటు కింద స్క్రూల సందుల్లో ఒండ్రు ఇంకా ఉంటుంది. అటువంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. పనికిరాని బ్యాటరీని కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చేయాలి, వాటిని వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు తయారీదారుల మీద పెట్టాయి. అందులో సీసం ఉంది. కాలువలో పారేస్తే అదే నీరు మన చేనుకూ చెరువుకూ వస్తుంది.

ఇప్పుడు కరెంటు లెక్క. గోడ మీది ఎలక్ట్రానిక్ మీటరులో ఒక ఎర్ర దీపం మెరుస్తూ ఉంటుంది, యూనిట్‌కు ఎన్ని మెరుపులో మీటరు ముఖం మీదనే 3200 అనో 1600 అనో ముద్రించి ఉంటుంది. 3200 మీటరైతే, ఇంట్లో మిగిలినవన్నీ ఆపి ఒక్క వస్తువునే నడిపి, రెండు మెరుపుల మధ్య సెకన్లు లెక్కపెట్టి, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే అది ఎన్ని వాట్లు లాగుతోందో తెలుస్తుంది. 1600 మీటరుకు 2250ని భాగించాలి. పాత బండి స్థానంలో కొన్న 12 వోల్టుల కారు ఛార్జర్‌ను పెట్టి నేనూ మనవడూ లెక్కపెడితే 75 సెకన్లకు ఒక మెరుపు వచ్చింది, అంటే 15 వాట్లు. ఎనిమిది గంటలకు 120 వాట్ అవర్లు; వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్ కనుక, దాదాపు యూనిట్‌లో ఎనిమిదో వంతు. నెలలో ఎనిమిది సార్లు పెట్టినా ఒక్క యూనిట్ కాదు. కారు ఒక్కసారి ఛార్జింగ్‌కు తీసుకునేంత కరెంటును 2000 వాట్ల గీజరు నాలుగు నిమిషాల్లో తినేస్తుంది.

అక్కడి నుంచి మేము ఇంట్లో ప్రతి వస్తువునూ కారు ఛార్జింగులతో కొలిచాం. యూనిట్ అంటే పిల్లవాడికి అర్థం కాదు, కారు ఛార్జింగ్ అంటే వెంటనే అర్థమవుతుంది. పాత సీలింగ్ ఫ్యానుకు 15 సెకన్లకు ఒక మెరుపు వచ్చింది, 75 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే అది ఏడు ఛార్జింగులకు పైనే. తక్కువ కరెంటు లాగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు పూర్తి వేగంతో 30 వాట్ల దగ్గర తిరుగుతాయి, ఒక్క ఫ్యాను మారిస్తే నెలకు 16 యూనిట్ల దాకా మిగులుతాయి. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి నక్షత్రాల చీటీ తప్పనిసరి కనుక కొనేటప్పుడు పోల్చుకోవడం తేలిక. దేవుడి గదిలో రాత్రింబగళ్లు వెలిగే పాతకాలపు జీరో బల్బు పేరుకే జీరో, సుమారు 15 వాట్లు లాగి రోజుకు మూడు ఛార్జింగులు తింటుంది. ఒక వాటు లోపలి ఎల్ఈడీ పెడితే దీపానికి లోటు ఉండదు. టీవీ కట్టేసినా వెలుగుతూ ఉండే సెట్‌టాప్ బాక్సుల్లో చాలావి ఎనిమిది పది వాట్లు లాగుతూనే ఉంటాయి, గోడ స్విచ్ ఆపితే తప్ప తగ్గవు. ఒక హార్స్‌పవర్ మోటారు ట్యాంకు నిండాక పావుగంట పొర్లిస్తే రెండు ఛార్జింగులు నీళ్లపాలు. ఫ్రిజ్జు చీటీ మీద ఏడాది యూనిట్లు రాసి ఉంటాయి, 200 అని ఉంటే రోజుకు నాలుగు ఛార్జింగులకు పైన. తలుపు సందులో కాగితం పెట్టి మూస్తే అది తేలిగ్గా జారిపోయిందంటే రబ్బరు మార్చాలి. ఏసీ ఉన్నవాళ్లు ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని విద్యుత్ పొదుపు సంస్థ చెబుతోంది. రోహిణి కార్తెలో మన ఉక్కపోతకు 24 మీద పెట్టి ఫ్యాను కూడా నెమ్మదిగా వేసుకుంటే సరిపోతుంది. బిల్లులో వాడకం పెరిగేకొద్దీ పై స్లాబు ధర పడుతుంది కనుక, తగ్గించిన యూనిట్లు ముందుగా ఆ ఎక్కువ ధర యూనిట్లలోంచే తగ్గుతాయి.

కరెంటు పోయినప్పుడు పిల్లలు మారాం చేసినా ఇన్వర్టర్ మీద కారుకు ఛార్జింగ్ పెట్టవద్దు. ఒక బ్యాటరీలోంచి తీసి మరో బ్యాటరీలో పోయడంలో రెండు చోట్లా నష్టం ఉంటుంది, తుఫాను రాత్రి ఫ్యానుకూ దీపానికీ కావలసినది తగ్గిపోతుంది. ఇంటి మీద సోలార్ పలకలు ఉన్నవాళ్లు ఉదయం తొమ్మిదింటికి తగిలిస్తే సాయంత్రం ఎండ వాలేసరికి ఛార్జింగ్ నిండుతుంది, పిల్లలు పెరట్లోకి దిగే వేళా అదే.