పాత పాప్ స్టార్ల పేదరికం మీద డాక్యుమెంటరీ: ముందు కాగితాలు, తర్వాతే కెమెరా

కారుతున్న పైకప్పు, బూజు పట్టిన షీల్డు, కళ్లు తుడుచుకుంటున్న గాయకుడు. ఈ మూడు షాట్లతో మొదలుపెడితే చూసినవాళ్లు అయ్యో అని పక్కకు జరిగిపోతారు. వచ్చిన డబ్బు ఎటు పోయిందో చెప్పగలిగితేనే సినిమా నిలబడుతుంది.

అందుకే మొదటి రెండు మూడు సార్లు గాయకుడి ఇంటికి కెమెరా లేకుండా వెళ్లండి. రికార్డింగ్ కంపెనీ కాంట్రాక్టు, రాయల్టీ (అమ్మకాల మీద గాయకుడికి వచ్చే వాటా) లెక్కలు, మేనేజరుతో ఒప్పందం, పన్ను నోటీసులు ఉన్నాయేమో అడగండి. అమెరికాలో టీఎల్‌సీ అనే ముగ్గురు గాయనుల బృందం పాటలు దేశమంతా మోగుతున్న 1995లోనే దివాలా పిటిషన్ వేసింది. పాట హిట్టయినా అప్పు మిగలడమెలా అన్నది ప్రేక్షకుడికి లెక్క వేసి చూపించాలి. ఉదాహరణకు అడ్వాన్సు 10 లక్షలు, వీడియో ఖర్చు 20 లక్షలు, క్యాసెట్ ధర 200, రాయల్టీ 8 శాతం అనుకుందాం. క్యాసెట్‌కు 16 రూపాయలు. ఆ 30 లక్షలూ గాయకుడి వాటాలోంచే తిరిగి రాబడతారు కాబట్టి 1,87,500 క్యాసెట్లు అమ్ముడయ్యేదాకా అతనికి పైసా రాదు. ఈ లెక్కను కాంట్రాక్టు పేజీ పక్కన పెట్టి, వేలితో ఆ షరతు చూపిస్తూ క్లోజప్‌లో తీయండి. మోసం అన్న మాట వ్యాఖ్యానంలో వాడొద్దు. కంపెనీకి, మేనేజరుకు ప్రశ్నలు రాసి పంపి, జవాబుకు గడువివ్వండి.

అన్ని పతనాలకూ కాంట్రాక్టే కారణం కాదు. పాటలోనూ నటనలోనూ మేటి అయిన చిత్తూరు నాగయ్య 1973లో పోయేనాటికి ఇబ్బందుల్లోనే ఉన్నారు. సొంత సినిమాల నష్టాలు, అడిగినవాళ్లకు లేదనకుండా ఇచ్చిన చెయ్యి అందుకు కారణాలు. మీ కథలో అసలు కారణం ఏదో తేలేదాకా స్క్రిప్టు రాయకండి.

అంగీకార పత్రం తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి. ఆసుపత్రి దృశ్యాలకు వేరే పత్రం ఉండాలి. గాయకుడు మంచం మీదో చాప మీదో కూర్చుంటే కెమెరాను కూడా ఆయన కళ్ల ఎత్తుకు దించండి. పైనుంచి తీస్తే ఎంత పెద్ద గాయకుడైనా బిచ్చగాడిలా కనిపిస్తాడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు కింద సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 సెకను పెట్టండి, లేదంటే చారలు కదులుతాయి. ఫ్యాను ఆపి కాలర్ మైకు పెట్టండి. గది నిశ్శబ్దాన్ని 30 సెకన్లు విడిగా రికార్డు చేసుకుంటే ఎడిటింగ్‌లో అతుకులు తెలియవు.

ఎక్కువమంది ఇరుక్కునేది పాటల హక్కుల దగ్గర. మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు, సాహిత్యం మీద రచయిత, బాణీ మీద స్వరకర్త మరణం తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రికార్డు పాతదైనా సాహిత్యం మీద హక్కు ఇంకా ఉండొచ్చు. ఆయన పాడిన పాటే అయినా హక్కు ఆయనది కాకపోవచ్చు. ఆ చట్టానికి 2012లో చేసిన సవరణతో గాయకుడికి రాయల్టీ వాటా ఏమైనా రావాల్సి ఉందేమో లాయరును అడిగి, ఉంటే అప్లికేషన్ పెట్టించండి. అదే సినిమాలో ఒక సన్నివేశం అవుతుంది.

చందాల క్యూఆర్ కోడ్ తెర మీద వేయాలంటే ఖాతా ఆయన పేరు మీదే ఉండాలి, బంధువుల ఫోన్‌ది కాదు. ఇంటి నంబరు, వీధి పేరు ఫ్రేములో పడకుండా చూడండి. విడుదలకు ముందు పూర్తి కాపీ ఆయన ఇంట్లోనే చూపించండి. ఏ షాట్ దగ్గర ముఖం తిప్పుకున్నారో రాసుకుని, ఆ షాట్ తీసేయండి.