అమ్మ నీళ్ల మాత్ర, రాత్రి నిద్ర

అమ్మకి బీపీ, కాళ్ల వాపు ఉన్నాయని డాక్టరుగారు రెండు పూటలా ఫ్యూరోసెమైడ్ అనే నీళ్ల మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేది) రాశారు. రెండోది రాత్రి అన్నం తిన్నాక వేసుకునేది. ఇక తెల్లవార్లూ బాత్రూముకి తిరుగుడే, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఈ మాత్ర గంటలోపే పని మొదలుపెట్టి దాదాపు 6 గంటలు చేస్తుంది. డాక్టరుగారిని అడిగి రెండోదాన్ని మధ్యాహ్నం 2 గంటలకి మార్చాం. నిద్ర కుదిరింది.

పిక్కలు పట్టేయడం మాత్రం పోలేదు. ఈ మాత్ర నీటితో పాటు పొటాషియాన్నీ బయటికి పంపేస్తుంది. రక్తపరీక్షలో పొటాషియం 3.1 వచ్చింది, 3.5 పైన ఉండాలి. మందులు సర్దారు. పొటాషియం ఉండే కొబ్బరినీళ్లు తాగితే సరిపోదా అంది పిన్ని. స్పైరనోలాక్టోన్ లాంటి నీళ్ల మాత్రలైతే పొటాషియాన్ని పెంచుతాయి, కాబట్టి కొబ్బరినీళ్లూ డాక్టరుగారిని అడిగాకే. మోకాళ్ల నొప్పికి షాపులో కొనే డైక్లోఫెనాక్ మాన్పించాం. అది ఈ మాత్ర పనిని తగ్గిస్తుంది, కిడ్నీలకూ చేటు. ఒంట్లో నీరు చేరుతోందేమో తెలియడానికి రోజూ పొద్దున్నే బరువు చూసి క్యాలెండరు మీద రాస్తున్నాం. ఆవకాయ దగ్గరే ఇంకా బేరం తెగలేదు.