పరామర్శకు వెళ్లినప్పుడు రెండు వాక్యాలే

మన చర్చి సంఘంలో ఎవరింట్లోనైనా కష్టం వస్తే పరామర్శకు వెళ్తాం. "నాకూ ఇలాగే అయింది" అని మొదలుపెట్టి, మన కథంతా చెప్పి వచ్చేస్తాం. నేనూ అదే చేసేవాణ్ణి.

ఇప్పుడు ముందు ఓ పది నిమిషాలు నోరు మెదపకుండా కూర్చుంటున్నాను. (బైబిల్లో, కష్టాలపాలైన యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు 7 రోజులు అలాగే కూర్చున్నారు. మాట్లాడటం మొదలుపెట్టాకే వ్యవహారం చెడింది.) తర్వాత నా అనుభవం రెండే వాక్యాల్లో, అదీ ఒక చిన్న సంగతి. మొన్న తండ్రిని పోగొట్టుకున్న ఒక తమ్ముడితో, "నాన్న పోయాక ఆయన కళ్లజోడు నెలరోజులు బల్లమీదే ఉంచాను. తీయబుద్ధి కాలేదు" అన్నాను. వెంటనే ఒక్క ప్రశ్న: "రాత్రిళ్లు ఎలా ఉంటోంది నీకు?" అంతే, అరగంట అతనే మాట్లాడాడు. "నాన్న నంబర్ ఫోన్‌లోంచి తీసేయలేకపోతున్నానన్నా" అన్నాడు.

ప్రార్థన చేయనా అని అడిగి, సరేనంటేనే చేయండి. వాళ్లు చెప్పిన మాటలతోనే, రెండు నిమిషాల్లో. మూడు వారాల తర్వాతకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. అప్పటికి పలకరించేవాళ్లు తగ్గిపోయి ఉంటారు.

మన గాయం ఇంకా పచ్చిగా ఉంటే మాత్రం ఇది పనిచేయదు. బైబిల్లో 2 కొరింథీ 1:4లో ఉన్నది, మనం పొందిన ఆదరణతోనే ఇతరులను ఆదరించమని కదా. ఆ ఓదార్పు మనకు అందకముందే మొదలుపెడితే, చివరికి వాళ్లే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఆ రెండు వాక్యాలూ వదిలేసి ఊరికే పక్కన కూర్చోండి.