లాగ్ గ్రాఫ్ ఎలా గీయాలి? ముందు గోడ, తర్వాత చుక్కలు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో పీయూసీ (మన ఇంటర్ లాంటిది) చదివే పిల్లలు సాయంత్రం పూట లెక్కలు పట్టుకుని వస్తుంటారు. లాగ్ గ్రాఫ్ అనగానే ఇంత పొడుగు టేబుల్ వేసేసి కాలిక్యులేటర్ కోసం వెతుక్కుంటారు. అంత పని అక్కర్లేదు. అసలు గ్రాఫ్ ఒక్కటి చేతికి అలవాటైతే, మిగతావన్నీ దాన్నే జరపడం, సాగదీయడం, తిప్పేయడం.

ఆ అసలు గ్రాఫ్ వై = లాగ్ ఎక్స్. ఇక్కడంతా బేస్ 2 అనుకుందాం, అంటే 2ని ఎంత ఘాతానికి పెంచితే ఎక్స్ వస్తుందో అదే లాగ్ ఎక్స్. గుర్తుండాల్సినవి నాలుగు చుక్కలు: (½, −1), (1, 0), (2, 1), (4, 2). వీటితో పాటు ఎక్స్ = 0 అనే నిలువు గీత. పుస్తకంలో దాన్ని అసింప్టోట్ అంటారు, నేను గోడ అంటాను. సున్నాకీ రుణ సంఖ్యలకీ లాగ్ లేదు కాబట్టి గ్రాఫ్ దానికి ఎంత దగ్గరగా వచ్చినా తాకదు, దాటదు.

ఇప్పుడు వై = −2 లాగ్ (ఎక్స్ + 3) + 1 గీద్దాం.

ముందు గోడ. బ్రాకెట్ ఎప్పుడు సున్నా అవుతుంది? ఎక్స్ = −3 అయినప్పుడు. స్కేలు పెట్టి అక్కడ చుక్కల గీత గీసేయండి. +3 కనబడగానే చెయ్యి కుడివైపుకి పోతుంది, కానీ గ్రాఫ్ జరిగేది ఎడమకి. లాగ్ లోపల 1 రావాలంటే ఇందాక ఎక్స్ 1 కావాల్సి వచ్చింది, ఇప్పుడు −2 చాలు, అందుకు.

తర్వాత చుక్కలు. ఎక్స్ విలువల్లోంచి 3 తీసేస్తే −2.5, −2, −1, 1. వై విలువల్ని −2తో గుణించి, ఆ తర్వాతే 1 కలపండి: 3, 1, −1, −3. వరస మార్చి ముందే 1 కలిపారో, మొదటి చుక్కకే 3 బదులు 0 వచ్చి కూర్చుంటుంది.

చుక్కల్ని నున్నగా కలపండి. మైనస్ వల్ల గ్రాఫ్ తలకిందులైంది, అందుకే గోడ పక్కన నిటారుగా పైకి లేచి, కుడివైపు పోయేకొద్దీ మెల్లగా దిగుతుంది. ఎక్స్ అక్షాన్ని దాదాపు −1.59 దగ్గర ఖండిస్తుంది.

అసలు తంటా లాగ్ (2ఎక్స్ − 6) లాంటివాటితో. 6 చూసి కుడికి 6 గడులు జరిపేస్తారు. ముందు 2 బయటికి తీయండి, 2(ఎక్స్ − 3) అవుతుంది, అంటే గోడ 3 దగ్గరే. పైగా బేస్ 2లో లాగ్ 2 అంటే 1 కాబట్టి ఇది లాగ్ (ఎక్స్ − 3) + 1తో సమానం. అడ్డంగా నొక్కే బాధ లేకుండా కుడికి 3, పైకి 1 జరిపితే పని అయిపోతుంది! ఈ సౌకర్యం పరాబొలాకి లేదు, లాగ్‌లో నాకు బాగా నచ్చేదీ ఇదే.

లాగ్ (4 − ఎక్స్) ఇస్తే? గోడ 4 దగ్గర, గ్రాఫ్ దానికి ఎడమవైపు. ఎక్స్‌కి 3, 2, 0 ఇచ్చి చూడండి, వై 0, 1, 2 వస్తుంది.