గుర్రం కాలి గాయానికి కట్టు మార్చే ముందు

- గాయం కీలు పక్కన ఉంటే, ఎంత చిన్నదైనా సరే, ముందు డాక్టర్‌ని పిలవండి. ఇన్ఫెక్షన్ కీలులోకి దిగితే గుర్రం జీవితాంతం కుంటుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. బాగా నడుస్తున్నది ఉన్నట్టుండి కుంటినా ఇదే మాట.

- ధనుర్వాతం టీకా వేయించారా? గుర్రాలకు అది తేలిగ్గా సోకుతుంది.

- కడగడానికి మరిగించి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, కొత్త కండని చంపేస్తుంది.

- మందంగా దూది పెట్టకుండా బిగించొద్దు, లోపల రక్తం ఆడదు. తడిసినా జారినా మార్చేయండి.

- మోకాలి కింద ఎర్రటి కండ గాయం అంచులు దాటి ఉబ్బితే దాని మీదకు చర్మం పాకలేదు. దయచేసి పొడులు చల్లి కాల్చకండి, డాక్టర్ కోసి తీసేస్తారు, ఆ కండలో నరాలుండవు కాబట్టి గుర్రానికి పెద్దగా నొప్పీ తెలియదు.